నాలుగుంపావు అంగుళాల తగాదా: పందెం డబ్బు రాయించిన క్రికెట్ నిబంధనలు

క్రికెట్ బ్యాటు వెడల్పు 4¼ అంగుళాలు దాటకూడదు. మెట్రిక్ కొలతలో 10.8 సెంటీమీటర్లు. బ్యాటు మందానికీ అంచులకీ 2017లో కొత్త పరిమితులు పెట్టారు గానీ వెడల్పు జోలికి ఎవరూ పోలేదు. 1771 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని హాంప్‌షైర్‌కు చెందిన ముగ్గురు ఆటగాళ్లు కాగితం మీద రాసి సంతకాలు పెట్టిన అంకె అది. బ్యాట్ల తయారీ, చెక్క, బంతి, పిచ్ అన్నీ మారిపోయినా ఆ అంకె మిగిలింది.

బ్యాటు వెడల్పు, మూడో స్టంపు, ఎల్‌బీడబ్ల్యూ (వికెట్ ముందు కాలు అడ్డం పెట్టి ఔటవడం) అనే మూడు మార్పులనూ చాలాచోట్ల విడివిడి వింతల్లా చెబుతుంటారు. ఒకడు వెడల్పాటి బ్యాటు తెచ్చాడు, బంతి స్టంపుల మధ్యలోంచి దూరిపోయింది, ఎవరో కాలు అడ్డం పెట్టారు అన్నట్టు. నిజానికి ఇవి ఒకే గొలుసులోని లింకులు. గొలుసును కదిపింది బౌలింగ్‌లో వచ్చిన ఒక మార్పు. నిబంధనలను కాగితం మీదికి ఎక్కించింది మాత్రం పందెం డబ్బు.

ముందు డబ్బు సంగతి

18వ శతాబ్దపు పెద్ద మ్యాచ్ అంటే దాదాపుగా పందెమే. ఇద్దరు ప్రభువులు చెరో జట్టును పోషిస్తారు, సొమ్ము ఒడ్డుతారు. అయిదు వందల గినీలు, వెయ్యి గినీలు అన్న అంకెలు పత్రికల్లో మామూలుగా కనిపించేవి. గినీ అంటే 21 షిల్లింగులు, ఒక పౌండు కంటే ఒక షిల్లింగు ఎక్కువ. ఈ అసలు పందెం చుట్టూ ప్రేక్షకుల సొంత పందేలు వేరే ఉండేవి.

డబ్బు ఉన్నచోట తగాదా తప్పదు. అయితే ఈ తగాదాలను కోర్టుకు తీసుకెళ్లడం తేలిక కాదు. 1710 నాటి జూద చట్టం ప్రకారం జూదం బాకీకి రాసిచ్చిన పత్రాలు చెల్లవు. పది పౌండ్లో అంతకు మించో పోగొట్టుకున్నవాడు కోర్టుకెళ్లి దాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు కూడా. క్రికెట్ ఈ చట్టం కిందికి వస్తుందా అన్న ప్రశ్న 1748లో న్యాయస్థానం ముందుకు వస్తే, వస్తుందనే తేల్చారు. అంటే పెద్ద పందేల విషయంలో కోర్టును నమ్ముకుని లాభం లేదు. రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్న రాత, దాన్ని అమలుచేసే మనిషి, ఈ రెండే దిక్కు.

అలాంటి రాతలు అంతకుముందే మొదలయ్యాయి. 1727లో రిచ్‌మండ్ డ్యూక్, అలన్ బ్రాడ్రిక్ తమ జట్ల మధ్య రెండు మ్యాచ్‌లకు ఒప్పందం రాసుకున్నారు. జట్టుకు 12 మంది, వికెట్ల మధ్య 23 గజాలు. ఆట గురించి ఏ ఆటగాడైనా నోరెత్తి అభిప్రాయం చెబితే అతన్ని మ్యాచ్ నుంచి తీసేస్తారు. డ్యూక్‌కూ బ్రాడ్రిక్‌కూ మాత్రం ఇది వర్తించదు. డబ్బు పెట్టినవాళ్లు కదా!

ఇది రెండు మ్యాచ్‌ల మటుకే. ఎవరు ఎవరితో ఆడినా పనికొచ్చే మొదటి నియమావళిగా మనకు దొరుకుతున్నది 1744 నాటిది. లండన్‌లోని ఆర్టిలరీ గ్రౌండ్‌లో ఆడే లండన్ క్లబ్బు పేరుతో వచ్చింది. పిచ్ పొడవు 22 గజాలు. వికెట్ అంటే రెండే స్టంపులు, ఎత్తు 22 అంగుళాలు, వాటి మీద అడ్డంగా 6 అంగుళాల బెయిల్ అనే పుల్ల ఒకటి. బంతి బరువు 5 నుంచి 6 ఔన్సులు. ఓవరుకు నాలుగు బంతులు (ఈ నాలుగు 1889 దాకా నడిచాయి). ఆటగాడు ఎవరైనా అడిగితే తప్ప అంపైర్ తనంతట తాను ఎవరినీ ఔటివ్వకూడదు. ఇవాళ మైదానమంతా దద్దరిల్లే అప్పీలుకు మూలం ఈ వాక్యమే. న్యాయం అడగాల్సింది నష్టపోయే పక్షం, తీర్పరి తనంతట కల్పించుకోకూడదు అన్న వ్యాజ్యపు పద్ధతి ఇందులో కనిపిస్తుంది.

బ్యాటు ఎంత ఉండాలో 1744 రాతలో ఒక్క ముక్క లేదు. కాలితో వికెట్‌ను కాపాడుకోవడం గురించీ లేదు. మరిచిపోయారనుకోవడం పొరపాటు. అప్పటి బౌలింగ్‌కు ఆ రెండింటితో పని పడలేదు.

బంతి నేల విడిచింది

అప్పటి బౌలింగ్ అంతా చెయ్యి భుజం కిందనుంచే. తొలినాళ్లలో బంతిని నేల మీద వేగంగా దొర్లించేవారు. దొర్లుతూ వచ్చే బంతిని కొట్టడానికి హాకీ కర్రలా అడుగున వంపు తిరిగిన బ్యాటే సరైనది. బరువంతా కిందే ఉంటుంది, పక్కకు ఊపి కొడతారు. అలా ఊపాలంటే బంతి దారికి కొంచెం పక్కగా నిలబడాలి. కాబట్టి కాళ్లు వికెట్ ముందు ఉండవు.

1760ల నాటికి బౌలర్లు బంతిని గాలిలో వేసి పిచ్ మీద ఒకసారి పడి లేచేలా చేయడం మరిగారు. చెయ్యి కిందే, వేగం దాదాపు అంతే, కానీ బ్యాట్స్‌మన్‌కు కొత్తగా మూడు చిక్కులు వచ్చాయి. బంతి ఎక్కడ పడుతుందో అంచనా వేయాలి. పడ్డాక ఎంత ఎత్తు లేస్తుందో తెలియదు. కొంచెం తిప్పి వేస్తే పడ్డాక పక్కకు మళ్లుతుంది. వంపు బ్యాటు అడుగు భాగం నేల దగ్గరే పనిచేస్తుంది, మోకాలి ఎత్తున వచ్చే బంతిని అది అందుకోలేదు. అందుకే బ్యాటు తిన్నగా మారింది. బంతి వచ్చే వరసలో నిలువుగా పట్టి ఆపడం, తర్వాత కొట్టడం అలవాటైంది. పీటర్స్‌ఫీల్డ్‌కు చెందిన జాన్ స్మాల్ ఈ నిటారు బ్యాటు ఆటలో మొదటి ఘనుడిగా పేరుపొందాడు. అతను బ్యాట్లు, బంతులు తయారుచేసే పనివాడు కూడా.

నిలువు బ్యాటుతో ఆపాలంటే బ్యాట్స్‌మన్ బంతి వరసలోకి రావాలి. వచ్చాడంటే కాళ్లు కూడా వికెట్ ముందుకు వస్తాయి. తర్వాతి ఇరవై ఏళ్ల గొడవలన్నీ ఈ ఒక్క అడుగు నుంచి పుట్టాయి.

వెడల్పు బ్యాటు

ఆపడమే ముఖ్యమైనప్పుడు ఎంత వెడల్పుంటే అంత మేలు. 1771 సెప్టెంబరు 23న లేలమ్ బర్వే మైదానంలో చెర్ట్సీ జట్టు హాంప్‌షైర్‌లోని హాంబుల్డన్ క్లబ్బుతో ఆడింది. చెర్ట్సీ తరఫున రైగేట్‌కు చెందిన వైట్ అనే ఆటగాడు వికెట్ అంత వెడల్పున్న బ్యాటుతో దిగాడు. వికెట్ వెడల్పు ఆరంగుళాలు, బ్యాటూ అంతే. బ్యాటును తిన్నగా నిలబెడితే బౌలర్‌కు గురి పెట్టడానికి ఏమీ మిగలదు. నిబంధనల్లో కాదనే మాట లేదు కనుక అంపైర్ కూడా ఏమీ చేయలేడు. ఆ మ్యాచ్‌ను హాంబుల్డన్ ఒకే ఒక్క పరుగు తేడాతో గెలిచింది. ఓడి ఏడ్చారని అనిపించుకోకుండానే అభ్యంతరం రాయగలిగింది.

రెండు రోజుల తర్వాత రాసిన ఆ కాగితం మీది సంతకాలు చూడండి. థామస్ బ్రెట్ వాళ్ల ఫాస్ట్ బౌలర్, అంటే నేరుగా నష్టపోయేవాడు. రిచర్డ్ నైరెన్ కెప్టెన్. మూడోవాడు జాన్ స్మాల్, బ్యాట్స్‌మన్, పైగా బ్యాట్లు చెక్కేవాడు. కొలత పెట్టేటప్పుడు దాన్ని చెక్కేవాడు ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. క్లబ్బు దగ్గర ఇనుప చట్రం ఒకటి ఉండేది, బ్యాటు అందులోంచి దూరకపోతే పనికిరాదు. ఇప్పటి అంపైర్ల బ్యాట్ గేజ్ చేసే పనీ అదే.

4¼ అంకెనే ఎందుకు ఎంచుకున్నారో ఆ కాగితం చెప్పదు, కానీ అది ఎలా పనిచేస్తుందో లెక్క కట్టొచ్చు. ఆరంగుళాల వికెట్ ముందు 4¼ అంగుళాల బ్యాటును సరిగ్గా మధ్యన నిలబెడితే రెండు పక్కలా కలిపి 1¾ అంగుళాలు బయట పడతాయి. బ్యాటును కదపకుండా గోడలా పెట్టి నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు బంతి అంచున స్టంపును తగులుతుంది. ప్రతి బంతికీ బ్యాటును వరసలోకి తేవాల్సిందే. ఆపడం కుదురుతుంది, కానీ నేర్పు కావాలి.

పాల్ మాల్‌లో బల్ల చుట్టూ

హాంబుల్డన్ కాగితం ఒక క్లబ్బు అభ్యంతరమే. అందరికీ నిబంధన కావడానికి మరో రెండున్నరేళ్లు పట్టింది. 1774 ఫిబ్రవరి 25న లండన్ పాల్ మాల్ వీధిలోని స్టార్ అండ్ గార్టర్‌లో కెంట్, హాంప్‌షైర్, సర్రే, ససెక్స్, మిడిల్‌సెక్స్, లండన్ పెద్దమనుషులు కూర్చుని 1744 రాతను తిరగరాశారు. డోర్సెట్ డ్యూక్, టాంకర్‌విల్ ఎర్ల్, సర్ హొరేస్ మన్ అందులో ఉన్నారు. అందరూ జట్లను పోషించేవాళ్లే, పందేలు కాసేవాళ్లే.

అధ్యక్షత వహించింది సర్ విలియం డ్రేపర్. ఈ పేరు మన చరిత్రకు కొత్త కాదు. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించినప్పుడు కోట లోపల 79వ రెజిమెంటు అధిపతి ఇతనే. అదే నెలలో ఉత్తర సర్కారుల్లో, పిఠాపురం దగ్గరి చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లు ఆంగ్లేయ సేనాని ఫోర్డ్ చేతిలో ఓడారు. ఒక్క యుద్ధానికి రెండు రంగాలు. ఆ మద్రాసు కోట మనిషే పదిహేనేళ్ల తర్వాత ఎల్‌బీడబ్ల్యూ పుట్టిన గదిలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు.

ఆ రోజు బ్యాటు వెడల్పు 4¼ అంగుళాలు ఖాయమైంది. బంతి బరువును 5½ నుంచి 5¾ ఔన్సులకు బిగించారు (156–163 గ్రాములు). ఇప్పుడు మగవాళ్ల క్రికెట్‌లో వాడే బంతి బరువూ ఇదే. కాలు అడ్డం పెట్టడం మొదటిసారి నేరమైంది: బంతిని ఆపాలన్న ఉద్దేశంతో వికెట్ ముందు కాలు పెట్టి, అది వికెట్‌కు తగలకుండా నిజంగా అడ్డుకుంటే ఔట్.

బ్యాటును కుదించిన చోటే కాలిని కూడా కట్టడి చేయడం యాదృచ్ఛికం కాదనే అనుకుంటాను. బ్యాటుతో మూసే దారి పోతే తర్వాతి దారి కాలే. ప్యాడ్లు లేని రోజులు, బంతి తగిలితే ముంజేతి మందాన వాస్తుంది. కానీ వెయ్యి గినీలు గాల్లో ఉన్నప్పుడు ఆ దెబ్బ తినడానికి మనుషులు దొరుకుతారు.

ఈ నిబంధనలో లోపం మొదటి మాటలోనే ఉంది. ఉద్దేశం ఉందో లేదో అంపైర్‌కు ఎలా తెలుస్తుంది? బ్యాటు ఊపాను, తగల్లేదు, కాలికి తగిలింది అని బ్యాట్స్‌మన్ అంటే కాదనడానికి ఆధారమేదీ ఉండదు. 1788లో ఆ మాట తీసేశారు. దాని బదులు బంతి వికెట్‌కు తిన్నటి వరసలో పిచ్ అయిందా, కాలు లేకపోతే వికెట్‌కు తగిలేదా అన్న రెండు ప్రశ్నలు వేశారు. మనసు చదవడం పోయి గీత చూడటం వచ్చింది. అంపైర్‌కు చేతనయ్యే పని అదే. దీనికీ ఒక మూల్యం ఉంది. వరస బయట పడి లోపలికి మళ్లే బంతిని ఇక ఎంచక్కా కాలితో ఆపుకోవచ్చు. ఆ సందును ఆఫ్ వైపు మూసింది 1937లో. లెగ్ వైపు ఇప్పటికీ తెరిచే ఉంది. డీఆర్‌ఎస్‌లో, అంటే అంపైర్ నిర్ణయాన్ని టీవీలో సమీక్షించే పద్ధతిలో, తెర మీద మూడు వరసలు కనిపించేటప్పుడు, లెగ్ స్టంప్ బయట పిచ్ అయితే మిగతా రెండూ చూడకుండానే నాటౌట్ అంటారే, అది 1788 వాక్యంలో మిగిలిన ముక్క.

లంపీ మూడు బంతులు

మూడో స్టంపు కథ అందరికీ తెలిసినదే గానీ కొలతలతో చెప్పేవాళ్లు తక్కువ. 1775 మే 22, 23 తేదీల్లో ఆర్టిలరీ గ్రౌండ్‌లో కెంట్ అయిదుగురికీ హాంబుల్డన్ అయిదుగురికీ సింగిల్ వికెట్ పోటీ, అంటే ఒకసారికి ఒక్క బ్యాట్స్‌మనే ఆడేది. చివరి బ్యాట్స్‌మన్‌గా జాన్ స్మాల్ దిగాడు, గెలవడానికి 14 కావాలి. ఎదురుగా ఎడ్వర్డ్ స్టీవెన్స్. టాంకర్‌విల్ ఎర్ల్ దగ్గర తోటమాలి, అందరూ లంపీ అనేవారు, ఆ కాలంలో అంత గురిగా వేసే బౌలర్ లేడు. మూడుసార్లు అతని బంతి స్మాల్‌ను దాటి సరిగ్గా రెండు స్టంపుల మధ్యలోంచి వెళ్లిపోయింది. బెయిల్ కదల్లేదు. స్మాల్ పరుగులు పూర్తిచేశాడు, హాంబుల్డన్ గెలిచింది.

లెక్క చూడండి. వికెట్ వెడల్పు 6 అంగుళాలు. ఒక్కో స్టంపు అంగుళం మందమనుకున్నా మధ్యలో 4 అంగుళాల ఖాళీ. చుట్టుకొలత 9 అంగుళాలుండే బంతి అడ్డుకొలత మూడంగుళాల లోపే. అంటే బంతి తగలకుండా దూరడానికి అంగుళం పైగా వెసులుబాటుంది. పక్కకు జరిగిన బంతి స్టంపును తాకుతుంది, సరిగ్గా నడిమికి వేసిన బంతి తాకదు. గురి ఎంత బాగుంటే అంత నష్టం! బౌలర్లు అడ్డదిడ్డంగా వేసిన రోజుల్లో ఈ లోపం ఎప్పుడో గాని బయటపడేది కాదు. లంపీలాంటి వాడు వచ్చాక దాచలేకపోయారు.

నడిమిన మరో స్టంపు పాతితే సరి. ఖాళీ రెండుగా చీలుతుంది, ఒక్కోటి బంతి కంటే ఇరుకవుతుంది. ఇప్పటి వికెట్ 9 అంగుళాల వెడల్పు, 28 ఎత్తు. ఒక్కో స్టంపు 1.4 అంగుళాలనుకుంటే ఖాళీ 2.4 చొప్పున వస్తుంది, బంతి 2.8 పైనే. సూత్రం మారలేదు. అయితే మూడో స్టంపు అన్నిచోట్లా ఒకే రోజు రాలేదు, కొన్నేళ్లపాటు రెండు రకాల వికెట్లూ నడిచాయి. మూడోది పాతితే ఇన్నింగ్స్‌లు మరీ చిన్నవైపోతాయని భయపడ్డవాళ్లున్నారు. కానీ 1777 జూన్‌లో సెవెనోక్స్ వైన్ మైదానంలో ఇంగ్లండ్ మీద హాంబుల్డన్ 403 చేసింది. జేమ్స్ ఐల్‌వార్డ్ ఒక్కడే 167, బుధవారం సాయంత్రం దిగి శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆడాడు. ఇన్నింగ్స్ 168 పరుగుల తేడాతో గెలుపు. అతని అంకెను దాటడానికి 1820 దాకా ఆగాల్సి వచ్చింది. బౌలర్లు మెరుగైనకొద్దీ బ్యాటింగ్ కూడా మెరుగవుతోందన్న మాట.

నేలా, గెంటుళ్లూ

పిచ్ ఎక్కడ వేయాలన్నది కూడా అప్పట్లో ఆయుధమే. 1744లో టాస్ గెలిచినవాడిది హక్కు. 1774లో దాన్ని మార్చి బయటి ఊరి నుంచి వచ్చిన జట్టుకు ఇచ్చారు. ఇంటివాళ్లు చూపిన కేంద్రం నుంచి 30 గజాల లోపు ఎక్కడైనా వికెట్లు పాతొచ్చు. రోలర్ తిప్పిన నేల కాదు, గొర్రెలు మేసిన పచ్చిక. ఏ అంగుళానికి ఆ అంగుళం వేరు. లంపీ ఉదయాన్నే తిరిగి తన బంతి నేల పల్లానికి దొర్లేలా, చిన్న మిట్ట మీద పిచ్ అయ్యేలా చోటు వెతుక్కునేవాడు. హాంబుల్డన్ తరఫున ఆడే కుమ్మరి డేవిడ్ హారిస్ మాత్రం మిట్టకు ఎదురుగా లేచే చోటు వెతికేవాడు. అతని బంతి పైకి లేచి బ్యాట్స్‌మన్ వేళ్లను బ్యాటు పిడికి నొక్కేసేది. 1788లో మ్యాచ్ నడుస్తుండగా ఎదుటిపక్షం ఒప్పుకోకుండా నేలను తొక్కించడం, తడపడం, కప్పడం, కోయడం కూడదన్నారు. ఇదీ జూదగాళ్ల జాగ్రత్తే.

ఇంకో సంగతి ఇప్పటివాళ్లకు నమ్మబుద్ధి కాదు. 1744 రాత ప్రకారం బంతి గాల్లోకి లేస్తే, పరిగెత్తే దారిలో ఉన్న ఫీల్డర్‌ను బ్యాట్స్‌మెన్ అడ్డుకోవచ్చు. చేత్తో బంతిని ముట్టుకోకుండా ఉంటే చాలు. క్యాచ్ పట్టేవాడిని గెంటడం చట్టబద్ధం! 1788 నాటికి అది ఔటయ్యే నేరంగా మారింది. క్రికెట్ మొదటినుంచీ పెద్దమనుషుల ఆట అనేవాళ్లు ఈ రెండు రాతలూ పక్కపక్కన పెట్టి చదవాలి.

1788 మే 30న ఆ మార్పులు చేసింది ఎంసీసీ, అంటే మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు. అప్పటికి దాని వయసు ఏడాది. ఇస్లింగ్టన్‌లో అందరూ నడిచే బయలులో ఆడి విసిగిన వైట్ కాండ్యూట్ క్లబ్బు ప్రభువులు, వించెల్సీ ఎర్ల్, చార్లెస్ లెన్నాక్స్ పూచీ ఇస్తే థామస్ లార్డ్ కంచె వేసిన మైదానం తెరిచాడు. అక్కడ మొదటి మ్యాచ్ 1787 మే 31న. ఇప్పటి లార్డ్స్ మూడో చోటు, 1814 నుంచి. కొత్త క్లబ్బు రాతను దేశమంతా ఒప్పుకోవడానికి కారణం తేలికే: పెద్ద పందేలు కాసేవాళ్లలో ఎక్కువమంది అందులోనే ఉన్నారు. ఆ నియమావళి చివర పందేల మీదా వాక్యాలున్నాయి. ఒక ఆటగాడి పరుగుల మీద ఇంకొకడి పరుగులు ఒడ్డితే, వేరేగా అనుకోకపోతే రెండు ఇన్నింగ్స్‌లూ లెక్కలోకొస్తాయి. ఒక జట్టు ఇన్నింగ్స్ తేడాతో గెలిస్తే మొదటి ఇన్నింగ్స్ పరుగులే పందెం తేలుస్తాయి.

ఆ కాలపు స్కోరు చదివేటప్పుడు

ఈ నేపథ్యం తెలియకుండా పాత స్కోరుకార్డులు చదివితే తప్పుడు నిర్ణయాలకు వస్తాం. మనకు దొరికే తొలి వ్యక్తిగత స్కోర్లు 1744 జూన్ నాటివి. పరుగులను కర్ర మీద గాట్లుగా లెక్కపెట్టే రోజులు, పదో గాటు కొంచెం లోతుగా ఉంటుంది. బౌండరీ లేదు, ప్రతి పరుగూ పరిగెత్తి తీసినదే. కాబట్టి ఐల్‌వార్డ్ 167ను ఇప్పటి సెంచరీలతో పోల్చకూడదు.

బౌలర్ల అంకెలు ఇంకా మోసం చేస్తాయి. క్యాచ్ పడితే పేరు పట్టినవాడికే రాసేవారు, వేసినవాడి పేరు ఉండదు. బౌల్డ్ చేసినవే బౌలర్ ఖాతాలో చేరతాయి. ఎన్ని ఓవర్లు వేశాడో, ఎన్ని పరుగులిచ్చాడో ఉండదు. క్యాచ్‌లు తెప్పించే హారిస్ లాంటివాడి అసలు వికెట్ల సంఖ్య ఏ కార్డులోనూ దొరకదు.

ఎల్‌బీడబ్ల్యూ అని కార్డులో మొదటిసారి కనిపించేది 1795లో, జాన్ వెల్స్ బౌలింగ్‌లో జాన్ టఫ్టన్. నిబంధన వచ్చి అప్పటికి 21 ఏళ్లు. అన్నాళ్లూ ఒక్కరూ అలా ఔట్ కాలేదని దీనర్థం కాదు. అంతకుముందు కాలు అడ్డం పెట్టి ఔటైనవాళ్లను కూడా బౌల్డ్ కిందే రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ బౌల్డ్‌లలో ఏది స్టంపు, ఏది కాలు అన్నది కార్డు చూసి వేరుచేయలేం.